కాలేజీ గేటు బయట కంప్యూటర్ సైన్స్

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదివితే చాలు, ఏ కాలంలో ఏ సాఫ్ట్‌వేర్‌కు గిరాకీ ఉందో తెలిసిపోతుంది. ఒకప్పుడు జావా, ఒరాకిల్, డాట్‌నెట్. ఇప్పుడు డేటా సైన్స్, క్లౌడ్, డెవాప్స్. రెండు మూడు నెలల్లో అక్కడ నేర్పేది ఒక పనిముట్టు వాడకం. ఆ పనిముట్టు లోపల ఏం జరుగుతుంది, పది లక్షల పేర్లలోంచి ఒక పేరును కంప్యూటరు రెప్పపాటులో ఎలా పట్టుకుంటుంది, ఒకే ప్రాసెసరు మీద వంద ప్రోగ్రాములు ఒకదాన్నొకటి తొక్కుకోకుండా ఎలా నడుస్తాయి? వీటికి జవాబు చెప్పేది కంప్యూటర్ సైన్స్. చాలాకాలం దానికి ఇంజనీరింగ్ కాలేజీ సీటు ఒక్కటే దారి. 2001 తర్వాత పెద్ద విశ్వవిద్యాలయాల పాఠాలు, పరీక్ష పత్రాలు, ల్యాబ్ అసైన్‌మెంట్లు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. వాటిని వరుసలో పెట్టుకుని, ప్రాజెక్టులు చేసుకుంటూ, డిగ్రీలో ఉండే విషయాన్ని సొంతంగా చదువుకునేవారు ఇప్పుడు అన్ని దేశాల్లోనూ ఉన్నారు.

పాఠాలు బయటికొచ్చిన తీరు

డాట్‌కామ్ సందడి నడిచిన రోజుల్లో అమెరికా విశ్వవిద్యాలయాలు కొన్ని ఇంటర్నెట్‌లో పాఠాలు అమ్మి ఎంత గడించవచ్చో లెక్కలు వేసుకున్నాయి. కొలంబియా విశ్వవిద్యాలయం అందుకోసం 2000లో ఫాథమ్ అనే కంపెనీయే పెట్టి, 2003లో మూసేసింది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటి, దీనికి ఎదురుదారి పట్టింది. తమ కోర్సుల సామగ్రిని అందరికీ ఉచితంగా ఇచ్చేస్తామని 2001 ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు చార్లెస్ వెస్ట్ ప్రకటించారు. 2002 సెప్టెంబరులో తొలి విడత వచ్చింది. 2007 నాటికి ‘ఓపెన్‌కోర్స్‌వేర్’లో దాదాపు 1,800 కోర్సులు చేరాయి. అధ్యాపకుల నోట్సు, హోంవర్కు, పాత పరీక్ష పత్రాలు, కొన్నింటికి వీడియోలు. సర్టిఫికెట్ లేదు, దిద్దేవారూ లేరు. గిల్బర్ట్ స్ట్రాంగ్ లీనియర్ ఆల్జీబ్రా పాఠాలు లెక్కల శాఖతో సంబంధం లేని దేశదేశాల విద్యార్థులకు పరిచయమైంది ఇక్కడే. అకామై కంపెనీ స్థాపకుల్లో ఒకరైన టామ్ లైటన్ చెప్పిన ‘మ్యాథమెటిక్స్ ఫర్ కంప్యూటర్ సైన్స్’ కూడా ఇందులోనే ఉంది.

ఎంఐటిలోనే అంతకు చాలా ముందు ఒక నమూనా ఉంది. హాల్ అబెల్సన్, జెరాల్డ్ సస్‌మన్‌లు 1985లో జూలీ సస్‌మన్‌తో కలిసి ‘స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రెటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్’ పుస్తకం వెలువరించారు. మరుసటి ఏడాది హ్యూలెట్ ప్యాకార్డ్ ఉద్యోగులకు చెప్పిన పాఠాలను వీడియో తీశారు. ఆ వీడియోలూ, పుస్తకం పూర్తిపాఠమూ ఇప్పటికీ ఉచితంగా దొరుకుతాయి. అందులో వాడిన స్కీమ్ భాష ఉద్యోగ ప్రకటనల్లో కనబడదు. అయినా సొంతంగా చదివేవారి జాబితాల్లో ఈ పుస్తకం నలభై ఏళ్లుగా చెక్కుచెదరలేదు. ఒక భాషను నడిపే ఇంటర్‌ప్రెటర్‌ను చదువరి చేతే రాయిస్తుంది కాబట్టి, ఆ తర్వాత ఏ భాష ఎదురైనా బెరుకు ఉండదు.

అసలు సంచలనం 2011 చివర్లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో సెబాస్టియన్ థ్రన్, పీటర్ నార్విగ్ కలిసి కృత్రిమ మేధ కోర్సును అందరికీ తెరిస్తే సుమారు లక్షా 60 వేలమంది పేర్లిచ్చారు. అదే సమయంలో ఆండ్రూ ఎన్‌జి మెషిన్ లెర్నింగ్, జెనిఫర్ విడమ్ డేటాబేస్ కోర్సులు నడిపారు. వాటి వెనుకే యుడాసిటీ, కోర్సెరా అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు పుట్టాయి. 2012లో ఎంఐటి, హార్వర్డ్ కలిసి ఎడెక్స్ పెట్టాయి. దాని తొలి సారథి అనంత్ అగర్వాల్ ఐఐటి మద్రాసులో చదివినవారు. ఆయన బృందం నడిపిన తొలి సర్క్యూట్స్ కోర్సులో సుమారు లక్షా 55 వేలమంది చేరి, 7 వేల పైచిలుకు గట్టెక్కారు. నూటికి నూరు తెచ్చుకున్న 340 మందిలో మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్‌కు చెందిన పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నాడు. తర్వాత అతనికి ఎంఐటిలోనే సీటొచ్చింది. ఆ ఒక్క కుర్రాడి కథను ఎన్ని సభల్లో చెప్పుకున్నారో లెక్కలేదు. మిగతా లక్షన్నర మంది సంగతి అంతగా ఎవరూ మాట్లాడలేదు.

మొదటి మెట్టు: సీఎస్50

కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎక్కువమంది ముందు తట్టే తలుపు హార్వర్డ్ వారి సీఎస్50. డేవిడ్ మేలన్ 2007 నుంచి దీన్ని నడుపుతున్నారు. 1996లో విద్యార్థిగా ఇదే కోర్సును బ్రయన్ కెర్నిహాన్ దగ్గర చదువుకుని, అప్పటిదాకా పట్టుకున్న రాజనీతి శాస్త్రం వదిలి కంప్యూటర్లవైపు వచ్చిన మనిషి ఆయన. వారాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. సున్నా వారంలో పిల్లలు ఆడుకునే స్క్రాచ్. ఆ వెంటనే సి భాష. తర్వాత పైథాన్, ఎస్‌క్యూఎల్, వెబ్. చివర్లో సొంత ప్రాజెక్టు.

ఈ కోర్సు పేరు మేలన్ నాటకీయమైన వేదిక పాఠాల వల్ల మోగింది. నేర్పేది మాత్రం వారం వారం ఇచ్చే లెక్కలు. నాలుగో వారంలో ఒక కెమెరా మెమరీ కార్డు నకలు ఇస్తారు. అందులో ఫొటోలన్నీ చెరిపేసి ఉంటాయి. కార్డును 512 బైట్ల ముక్కలుగా చదువుతూ, ఏ ముక్క జేపెగ్ గుర్తుతో మొదలవుతుందో పసిగట్టి, 50 ఫొటోలను తిరిగి తీయాలి. ఫైలును డిలీట్ చేస్తే కంప్యూటరు దాని చిరునామాను మాత్రమే మరిచిపోతుందన్న సంగతి అప్పుడు వేళ్లకు తెలుస్తుంది. మరుసటి వారం 1,43,091 పదాల నిఘంటువును మెమరీలోకి ఎక్కించి, అక్షర దోషాలు పట్టే ప్రోగ్రాము రాయాలి. హ్యాష్ టేబుల్ సరిగ్గా కట్టకపోతే ప్రోగ్రాము కుంటుతుంది. మెమరీని తిరిగి ఇవ్వకపోతే తప్పు పడుతుంది. రాసిన ప్రతి ప్రోగ్రామునూ ‘చెక్50’ అనే పరీక్షా యంత్రం నిమిషంలో దిద్ది పంపిస్తుంది. కోర్సు ఉచితం, లెక్కలన్నీ సరిగ్గా చేసి పంపితే కోర్సు ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉచితం. ఎడెక్స్ ముద్ర ఉన్నది కావాలంటే రుసుము కట్టాలి.

తెలుగు విద్యార్థి ఇక్కడే ఒక అడుగు పక్కకు వేసి చూడవచ్చు. ‘తెలుగు’ అన్న మాటను సి భాషలో కొలిస్తే పొడవు 18 అని వస్తుంది, పైథాన్‌లో కొలిస్తే 6 అని వస్తుంది. కంటికి కనిపించేవి మూడే అక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడి సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు. ఇంగ్లిషు కోసం రాసిన అక్షరదోష పరీక్షకుడిని తెలుగుకు పనిచేసేలా మార్చడం, గుణింతం చెదరకుండా పదాన్ని చివరి నుంచి మొదటికి రాయడం వంటివి ఏ హార్వర్డ్ హోంవర్కులోనూ ఉండవు. సొంత ప్రాజెక్టుకు ఇంతకన్నా దగ్గరి సరుకు మరొకటి లేదు.

వరుస ఎవరు చెబుతారు

కాలేజీలో సిలబస్ ఒకరు పెట్టి ఉంచుతారు. బయట చదివేవాడికి ముందున్న చిక్కు పాఠాల కొరత కాదు, పాఠాల వరద. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు అన్నది చెప్పేవారు లేక ఒకే మెట్టు దగ్గర, అంటే ‘పైథాన్ ప్రాథమికాలు’ దగ్గర, నాలుగైదు కోర్సులు తిరగేసేవారు ఎక్కువ. ఈ లోటు తీర్చడానికి రెండు జాబితాలు స్థిరపడ్డాయి.

ఒకటి ‘ఓపెన్ సోర్స్ సొసైటీ యూనివర్సిటీ’. పేరులో యూనివర్సిటీ ఉన్నా భవనం లేదు, గుమాస్తా లేడు. అమెరికా డిగ్రీ సిలబస్‌ను పోలిన వరుసలో ఉచిత కోర్సులను పేర్చి, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టిన పట్టిక అది. వారానికి 20 గంటలు కేటాయిస్తే సుమారు రెండేళ్లు పడుతుందని వారి అంచనా. రెండోది ఓజ్ నోవా, మైల్స్ బర్న్ రాసిన ‘టీచ్ యువర్‌సెల్ఫ్ సీఎస్’. ఇది మరీ కటువైనది. తొమ్మిదే విషయాలు: ప్రోగ్రామింగ్, కంప్యూటర్ నిర్మాణం, ఆల్గారిదమ్‌లు, గణితం, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నెట్‌వర్కులు, డేటాబేస్‌లు, కంపైలర్లు, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లు. ఒక్కోదానికి ఒక పుస్తకం, ఒక వీడియో వరుస. ఒక్కోదానికి 100 నుంచి 200 గంటలు పెట్టమంటారు. ఇప్పటికే ఉద్యోగం చేస్తూ పునాది లేదని గుంజాటన పడేవారికి ఈ రెండోదే నప్పుతుంది. పదో తరగతి తర్వాత నేరుగా వచ్చినవారికి మొదటిది మేలు.

ఇలాంటి పట్టికలు లేనప్పుడే కెనడాకు చెందిన స్కాట్ యంగ్ సొంతంగా ఒకటి గీసుకున్నారు. వాణిజ్య శాస్త్రంలో డిగ్రీ ఉన్న ఆయన, 2011 అక్టోబరు నుంచి 2012 సెప్టెంబరు దాకా ఎంఐటి కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి సమానమైన 33 కోర్సుల చివరి పరీక్షలు రాసి, ప్రోగ్రామింగ్ ప్రాజెక్టులు చేశారు. ఆ వేగాన్ని అందరికీ ఆదర్శంగా చూపడం పొరపాటు. ఏడాది పొడవునా అదే పనిగా కూర్చునే వెసులుబాటు ఎందరికి ఉంటుంది? ఆయన దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది: కోర్సు పూర్తయిందనడానికి పరీక్ష పత్రాన్నే గీటురాయిగా పెట్టుకున్నారు, వీడియోలు అయిపోవడాన్ని కాదు. పీటర్ నార్విగ్ అయితే ఇరవై నాలుగు గంటల్లో, ఇరవై ఒక్క రోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్పుతామనే పుస్తకాలను ఎద్దేవా చేస్తూ, పదేళ్లు పడుతుందని ఒక వ్యాసమే రాశారు.

నాండ్ గేటు నుంచి టెట్రిస్ దాకా

ఉచిత చదువులో అన్నిటికన్నా పకడ్బందీ ప్రాజెక్టు ఏదంటే ‘నాండ్ టు టెట్రిస్’ అని చెప్పాలి. ఇజ్రాయెల్‌కు చెందిన నోమ్ నిసాన్, షిమోన్ షోకెన్ దీన్ని రూపొందించారు. వారి పుస్తకం 2005లో వచ్చింది. చదువరి చేతికి ఒకే ఒక లాజిక్ గేటు ఇస్తారు, దాని పేరు నాండ్. దాంతో ముందు నాట్, ఆండ్, ఆర్ గేట్లు కట్టాలి. వాటితో కూడికలు చేసే సర్క్యూటు, దాంతో అరిథ్‌మెటిక్ లాజిక్ యూనిట్, తర్వాత మెమరీ, చివరికి హ్యాక్ అనే 16 బిట్ల కంప్యూటరు. ఇక్కడికి సగం దారి. ఆ కంప్యూటరుకు అసెంబ్లర్, వర్చువల్ మెషిన్, జాక్ అనే చిన్న భాషకు కంపైలర్, ఒక బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ రాసేసరికి పన్నెండు ప్రాజెక్టులు పూర్తవుతాయి. ఇవన్నీ కంప్యూటరు తెర మీద సిమ్యులేటర్‌లోనే, సోల్డరింగ్ పని లేదు. ప్రతి చిప్‌కూ పరీక్షా ఫైలు ఉంటుంది. ఒక్క బిట్టు తేడా వచ్చినా ఏ వరుసలో తేడా వచ్చిందో చూపిస్తుంది. బి.టెక్‌లో డిజిటల్ లాజిక్ ఒక సెమిస్టరులో, కంపైలర్ డిజైన్ మరెప్పుడో చదివి రెంటికీ చుట్టరికం ఏమిటో తెలియకుండానే పట్టా పుచ్చుకున్నవారు సైతం దీన్ని మళ్లీ చేస్తున్నారంటే ఆశ్చర్యం లేదు.

పై మెట్లలోనూ ఇలాంటి ల్యాబులు బయటివారికి దొరుకుతున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లకు ఎంఐటి తయారుచేసిన ఎక్స్‌వీ6 ఉంది. 1970ల నాటి యూనిక్స్ ఆరో వెర్షన్‌ను ఆధునిక యంత్రాలకు తగ్గట్టు తిరగరాసిన ఈ చిన్న వ్యవస్థ మూలప్రతిని ఓపిక ఉంటే మొత్తం చదివేయవచ్చు. పక్కన పెట్టుకోవడానికి విస్కాన్సిన్ ఆచార్య దంపతులు రెమ్జీ, ఆండ్రియా ఆర్పాచి-డూసో రాసిన ‘ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్’ ఉచితంగా ఉంది. కంపైలర్లకు రాబర్ట్ నిస్ట్రమ్ ‘క్రాఫ్టింగ్ ఇంటర్‌ప్రెటర్స్’ ఉంది. లాక్స్ అనే ఒకే భాషను మొదట జావాలో, మళ్లీ సి భాషలో కట్టిస్తుంది. డేటాబేస్‌లకు కార్నెగీ మెలన్‌లో ఆండీ పావ్లో కోర్సు. అక్కడ బస్‌టబ్ అనే డేటాబేస్‌లో ఖాళీగా వదిలిన భాగాలను సి++లో నింపాలి. బయటి విద్యార్థులు కూడా తమ కోడ్ పంపి మార్కులు చూసుకునే ఏర్పాటు చేశారు. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్‌లకు ఎంఐటిలో రాబర్ట్ మోరిస్ కోర్సు. 1988లో ఇంటర్నెట్‌ను స్తంభింపజేసిన ‘మోరిస్ వర్మ్’ ఈయన విద్యార్థి దశలో వదిలిందే! గో భాషలో రాఫ్ట్ ఆల్గారిదమ్ రాయించే ఆయన ల్యాబులో, నూటికి ఒక్కసారి మాత్రమే బయటపడే బగ్గులు రోజుల తరబడి నిద్ర లేకుండా చేస్తాయి.

ఇన్ని చదివినా టెర్మినల్, గిట్, షెల్ దగ్గర తడబడేవారిని చూసి 2020లో ఎంఐటి విద్యార్థులు కొందరు ‘మిస్సింగ్ సెమిస్టర్’ పేరుతో చిన్న కోర్సు పెట్టారు. ఏ సిలబస్‌లోనూ లేకుండా అందరికీ వచ్చనుకునే పనులే అందులో పాఠాలు. సొంతంగా చదివేవారు దీన్ని మొదటి నెలలోనే ముగించడం మంచిది.

మన దగ్గర

ఐఐటిలు, బెంగళూరు ఐఐఎస్‌సి కలిసి నడుపుతున్న ఉచిత పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌కు 1999లోనే ఆలోచన మొదలై, 2003లో పని ప్రారంభమైంది. 2014 నుంచి సర్టిఫికెట్ కోర్సులు నడుస్తున్నాయి. చేరడానికి, వీడియోలు చూడటానికి, వారం వారం అసైన్‌మెంట్లు చేయడానికి డబ్బు కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకుంటే రుసుము కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. తుది మార్కుల్లో పరీక్షకు 75 శాతం, అసైన్‌మెంట్లకు 25 శాతం. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన మాధవన్ ముకుంద్ పైథాన్‌లో చెప్పే డేటా స్ట్రక్చర్ల కోర్సు ఏ అమెరికా కోర్సుకూ తీసిపోదు. అయితే ఎన్‌పీటెల్ కోర్సులు చాలావాటిలో వారపు అసైన్‌మెంట్లు సరైన జవాబు గుర్తించే ప్రశ్నలకే పరిమితమవుతాయి. కోడ్ రాయించని ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం ఎంత చక్కగా చెప్పినా సగమే చెప్పినట్టు.

2017లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ మీద సాధించిన క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి యూజీసీ మొదట 20 శాతం వరకు, 2021 నుంచి 40 శాతం వరకు అనుమతించింది. దీనివల్ల ఉచిత కోర్సు కాలేజీ చదువుకు పోటీ కాకుండా దానిలో భాగమైంది. ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయం మరో అడుగు ముందుకేసింది. 2012 నుంచి తన ఉచిత ప్రోగ్రామింగ్ కోర్సును ప్రవేశానికే ఒక దారిగా చేసింది. కోర్సులో నెగ్గినవారు కంప్యూటర్ సైన్స్ సీటుకు అర్హులవుతారు. మన రాష్ట్రాల్లో ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకులతో కుస్తీ పట్టే కుటుంబాలకు ఇది వింతగా తోచవచ్చు.

తెలుగు నేలకు ఈ కథతో ఇంకో లంకె ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, గ్రామీణ విద్యార్థుల కోసం 2008లో ఏర్పాటైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతి. నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాల్లో పదో తరగతి పాసైన పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి, కంప్యూటర్ పాఠాలతో ఆరేళ్ల చదువు మొదలుపెట్టారు.

భాష అడ్డంకి అలాగే ఉంది. ఐఐటి బాంబేలో కన్నన్ మౌద్గల్య మొదలుపెట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పది నిమిషాల పాఠాలు లినక్స్, సి, పైథాన్ మీద తెలుగు గొంతుతో దొరుకుతాయి. తెరలో సగం పాఠం, సగం సాఫ్ట్‌వేర్ పెట్టుకుని చెప్పిందల్లా వెంటనే చేసి చూసుకునే పద్ధతి అది. ఎన్‌పీటెల్ కూడా కొన్ని పాఠాలకు తెలుగు అనువాదాలు ఇస్తోంది. ఈ రెండింటి సాయంతో గట్టి ప్రారంభం సాధ్యమే. కంపైలర్ల దాకా పోవాలంటే మాత్రం ఇంగ్లిషు పుస్తకం తప్పదు.

ఇంకో అడ్డంకి ఫోను. 2016లో జియో వచ్చాక వీడియో పాఠం చూడటం చవకైంది. కానీ ఫోనులో పాఠం వినవచ్చు గానీ ల్యాబ్ చేయడం కష్టం. పాత ల్యాప్‌టాప్ మీద లినక్స్ ఎక్కిస్తే పైన చెప్పిన ప్రాజెక్టుల్లో చాలావరకు నడుస్తాయి. సీఎస్50 వంటివి బ్రౌజరులోనే కోడ్ రాసుకునే చోటు ఇస్తున్నాయి.

ఎంతమంది గట్టెక్కుతారు

ఎంఐటి, హార్వర్డ్ కోర్సుల ఆరేళ్ల లెక్కలను పరిశోధకులు జస్టిన్ రీచ్, హోసే రుయిపెరెజ్-వలియెంతె 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. పేరిచ్చినవారిలో సగానికి పైగా కోర్సులో అడుగే పెట్టలేదు. 2017-18లో మొత్తం మీద పూర్తిచేసినవారు 3 శాతం పైచిలుకు. సర్టిఫికెట్ కోసం ముందే డబ్బు కట్టినవారిలో 46 శాతం. డబ్బు కట్టినవాడు మొదటే గట్టి నిశ్చయంతో వచ్చి ఉంటాడు కాబట్టి ఈ తేడా అంతా రుసుము మహిమ అనలేం. ఒంటరిగా చదివేవాడు సగంలో జారిపోతాడన్నది మాత్రం ఈ అంకెల్లో స్పష్టం. ఊళ్లోనో, అదే కాలేజీలోనో మరో ఇద్దరిని కలుపుకుని, వారానికొక రాత్రి ఒకరి కోడ్ ఒకరు చదివే ఏర్పాటు చేసుకోవడం దీనికి ఖర్చులేని మందు.

వేదికల వ్యాపారం కూడా ఒడుదొడుకులతోనే నడిచింది. ఎడెక్స్‌ను 2021లో 80 కోట్ల డాలర్లకు కొన్న టూయూ కంపెనీ 2024లో దివాలా రక్షణ కోరింది. విశ్వవిద్యాలయాలు సొంతంగా పెట్టిన కోర్సు పేజీలు, అధ్యాపకులు ఉచితంగా వదిలిన పుస్తకాలు వీటికన్నా నమ్మకంగా నిలబడ్డాయి.

2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక కొత్త ప్రశ్న పుట్టింది. అడిగితే అసైన్‌మెంటు మొత్తం రాసిపెట్టే యంత్రం పక్కనుంటే ఎవరు కష్టపడతారు? సీఎస్50 బృందం 2023లో జవాబు చెప్పకుండా దారి మాత్రం చూపే కృత్రిమ మేధ సహాయకుడిని తన విద్యార్థులకు ఇచ్చింది. చాలా కోర్సుల్లో సొంతంగా చదివేవారికి అలాంటి కాపలా ఉండదు. మెమరీ ఎక్కడ లీకవుతోందో గంటసేపు వెతికినవాడికి తెలిసే సంగతి, ఒక్క ప్రశ్నతో జవాబు పుచ్చుకున్నవాడికి తెలియదు.

ఉద్యోగం మాటకొస్తే, డిగ్రీ లేనివారికి గిట్‌హబ్‌లోని కోడే పరిచయపత్రం. పాఠం చూసి యథాతథంగా కట్టిన పనుల జాబితా యాప్ వందమంది దగ్గర ఉంటుంది. ఎక్స్‌వీ6లో సొంతంగా చేర్చిన భాగమో, తెలుగుకు పనిచేసే అక్షరదోష పరీక్షకుడో కొద్దిమంది దగ్గరే ఉంటుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు కొత్తవారిని జతచేసే గూగుల్ ‘సమ్మర్ ఆఫ్ కోడ్’ 2005 నుంచి నడుస్తోంది. 2022లో కాలేజీలో చదువుతూ ఉండాలన్న నిబంధన తీసేసింది.

ఈ దారిలోకి కొత్తగా వచ్చేవారు కోర్సు ఎంచుకునేటప్పుడు విశ్వవిద్యాలయం పేరుకన్నా, వీడియోల సంఖ్యకన్నా ముందు ఒక్క సంగతి వాకబు చేయాలి: రాసిన కోడ్‌ను దిద్దే ఏర్పాటు బయటివారికి ఉందా, లేదా? సీఎస్50, నాండ్ టు టెట్రిస్, కార్నెగీ మెలన్ డేటాబేస్ కోర్సు ఈ పరీక్షలో నెగ్గుతాయి. నెగ్గనివాటిని, ఎంత పేరున్నవైనా, రెండో విడతకు వాయిదా వేసుకోవచ్చు.